తలుపు తట్టే ఆమెకు ఏం నేర్పాం?

మా అక్క కూతురు ప్రొబేషన్ అధికారి. కాంట్రాక్టు ఉద్యోగం. నేరం చేశారని పట్టుబడిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి ఇంట్లోవాళ్ళతో, ఇరుగుపొరుగుతో, బడి పంతుళ్ళతో మాట్లాడుతుంది. ఆ పిల్లవాడి బతుకు ఎలాంటిదో నివేదిక రాసి జువెనైల్ జస్టిస్ బోర్డుకు ఇస్తుంది. వాడు ఇంటికి పోతాడా, హోములోనే ఉంటాడా అన్నదాంట్లో ఆ కాగితానికి బరువుంటుంది.

పోయినేడు మిరపకోతల కాలంలో ఒక సాయంత్రం గోనెగండ్లలో పని చూసుకుని ఎమ్మిగనూరులో మా ఇంటికొచ్చింది. మొహం కడుక్కుని, కాఫీ తాగి, సంచిలోంచి కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టింది.

"చిన్నమ్మా, కొత్తగా చేరిన ఆడపిల్లలకు భద్రత మీద నన్నే ఒక పూట శిక్షణ ఇమ్మన్నారు. ఈ కాగితాలు చూసి చెప్పమన్నారు. ఇవి అమెరికా ప్రొబేషన్ వాళ్ళవి. మొదటి పాఠమే తుపాకీ. మా దగ్గర లాఠీ కూడా లేదు. నేనేం నేర్పల్ల?"

ఆమెతో పనిచేసే ఒకాయన నవ్వుతూ అన్నాడట, సీమలో తిరిగేవాళ్ళకు ముందు తుపాకీ లైసెన్సులు ఇప్పించాలని. అందరూ నవ్వారట. తనూ నవ్విందట. చెబుతున్నప్పుడు మాత్రం నవ్వలేదు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. తుపాకీ గురించి నన్నెందుకు అడుగుతున్నావంటే, "కథలు చెప్పు చిన్నమ్మా, సినిమాలు చెప్పు. వాటితో మొదలుపెడితే వాళ్ళు నోరు విప్పుతారు" అంది. సరేనన్నాను. స్త్రీలు, ఆయుధాలు, భద్రత గురించి మనకున్న కథలు బోలెడని అనుకున్నాను. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, ఆమెకు పనికొచ్చే కథ దొరకడం ఎంత కష్టమో. ఈ వ్యాసం ఆ వెతుకులాట గురించే.

ముందు ఆమె ఉద్యోగం పుట్టుక చూద్దాం. 1841లో అమెరికాలోని బోస్టన్‌లో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే ఆయన, తాగి పట్టుబడిన ఒకతనికి కోర్టులో హామీ ఉండి విడిపించుకుపోయాడు. కొన్ని వారాల తర్వాత మనిషిని మార్చి తీసుకొచ్చి చూపించాడు. ప్రొబేషన్ చరిత్ర రాసేవాళ్ళంతా అక్కడ మొదలుపెడతారు. 1907లో ఇంగ్లండు చేసిన చట్టం ప్రొబేషన్ అధికారి పనిని సలహా, సాయం, స్నేహం అనే మూడు మాటల్లో చెప్పింది. మన దేశంలో 1958లో నేరస్తుల ప్రొబేషన్ చట్టం వచ్చింది. అధికారి ఇంటి పరిస్థితులు విచారించాలి, పర్యవేక్షించాలి, అవసరమైతే పని వెతికిపెట్టడానికి ప్రయత్నించాలి అంటుంది. 'స్నేహం' అన్న మాట మన చట్టందాకా రాలేదు కానీ ఆ ఊహ వచ్చింది. ఈ వరసలో ఎక్కడా తుపాకీ లేదు.

అమెరికాలో అది తర్వాత వచ్చి చేరింది. అక్కడి ఫెడరల్ ప్రొబేషన్ అధికారులు తమ జిల్లా కోర్టు ఒప్పుకుంటే తుపాకీ పెట్టుకోవచ్చని 1996లో చట్టంలో రాశారు. రాష్ట్రాల అధికారుల సంగతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్‌లో 2005 నుంచి ఫెడరల్ ప్రొబేషన్ వాళ్ళకు ప్రత్యేకంగా శిక్షణాలయం ఉంది. జిల్లాల్లో తుపాకీ నేర్పే శిక్షకులు కూడా ఆ అధికారుల్లోంచే వస్తారు. నిన్నటిదాకా తనతోబాటు ఇళ్ళు తిరిగిన మనిషే ఇవాళ గురి నేర్పుతుందన్నమాట. ఈ విషయం నాకు నచ్చింది. పనిలో పుట్టిన భయమేమిటో ఆ పని చేసిన మనిషికి తెలుస్తుంది.

మా పిల్ల తెచ్చిన కాగితాలు ఇద్దరం కూర్చుని చదివాం. మొదటి పాఠం దాటితే తుపాకీ పలచబడింది. తలుపు ముందు నిలబడకు, పక్కకు నిలబడు. లోపలికి అడుగుపెట్టగానే బయటికి దారేదో చూసుకో. నీకూ ఆ దారికీ మధ్య ఎవరినీ రానివ్వకు. ఎక్కడికి పోతున్నావో ఒకరికి చెప్పి పో. వెనక్కి తగ్గడం పనిలో భాగం. ఇవన్నీ చదువుతుంటే మా పిల్ల, "ఇవి మాకూ పనికొస్తాయి కదా" అంది. అవును, పనికొస్తాయి. కానీ ఈ జాగ్రత్తలన్నీ తుపాకీ అధ్యాయం వెనక తోకలా ఉన్నాయి. తుపాకీ ఉన్నవాళ్ళకే శిక్షణ అవసరమన్నట్టు, లేనివాళ్ళకు ధైర్యం చాలన్నట్టు.

ఆ రాత్రి పడుకునే ముందు ఆమె అసలు సంగతి చెప్పింది. పదహారేళ్ళ పిల్లవాడొకడు బోరుబావుల దగ్గర మోటారు వైర్లు కోసి రాగి అమ్మాడని కేసు. వాడి ఇల్లు గోనెగండ్ల మండలంలో ఒక ఊళ్ళో ఉంది. తల్లీతండ్రీ సుగ్గికి పోయారు. మన పడమటి కర్నూలు పల్లెల్లో సుగ్గి అంటే ఏమిటో చెప్పాలి. వానలు లేక, పైరు చేతికి రాక, ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపకోతకు బండ్లెక్కి పోవడం. హంద్రీ మీద గాజులదిన్నె ప్రాజెక్టు ఈ మండలంలోనే ఉంది. అయినా పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. ఇంట్లో ముసలి అవ్వ మాత్రం ఉంది. మా పిల్ల అవ్వతో మాట్లాడుతుండగా బంధువునని చెప్పుకుంటూ ఒకతను వచ్చాడు. వెనకాల తలుపు గడియ పెట్టాడు. ఏం రాస్తున్నావో చదివి వినిపించమన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. గోడకు ఆనించి ఉన్న కొడవలిని తీసి అటునుంచి ఇటు పెట్టాడు, అంతే. అరగంట తర్వాత అవ్వే లేచి, "ఆడపిల్ల బస్సు పోతాదిరా" అని గడియ తీసింది.

"నివేదికలో ఇది రాశావా?" అన్నాను.

"ఎక్కడ రాయల్ల? ఆ ఫారంలో నా గురించి గడి లేదు కదా."

ఇంకో మాట కూడా అంది. "రాస్తే ఆ పిల్లోడి ఇల్లు మంచిది కాదంటారు. వాన్ని హోములోనే ఉంచుతారు. వాడేం చేసినాడు?"

నేనప్పుడు పెద్దదానిగా అనాల్సిన మాటే అన్నాను. "ఆ ఉద్యోగం మానెయ్ తల్లీ" అని. నలభై ఏళ్ళుగా స్త్రీల సాహిత్యం చదువుతూ, రాస్తూ, నా నోటికి మొదట వచ్చిన మాట అది. ఆ మాటకు సిగ్గుపడే తర్వాతి రోజుల్లో పుస్తకాలు ముందేసుకున్నాను.

సినిమాలతో మొదలుపెట్టాను. 1990లో 'కర్తవ్యం'లో విజయశాంతి పోలీసు అధికారి. ఆ పాత్రకు ఆమెకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. 1997లో 'ఒసేయ్ రాములమ్మ'లో దొర పీడించిన స్త్రీ తుపాకీ పట్టింది. మా తరగతిలో ఆడపిల్లల్ని అడిగాను, ఈ సినిమాల్లో మీకేం గుర్తుందని. టీవీలో చూసినవాళ్ళే అందరూ. నడక గుర్తుంది, చూపు గుర్తుంది, తుపాకీ పట్టిన చెయ్యి గుర్తుంది. ఆ చేతికి ఎవరు నేర్పారో, ఎన్నాళ్ళు నేర్చుకుందో, మొదటిసారి పట్టుకున్నప్పుడు వణికిందో లేదో ఒక్కరికీ గుర్తు లేదు. కోపం చాలు, తుపాకీ దానంతటదే పేలుతుందన్నది మన వెండితెర సూత్రం. దానివల్ల ఒక నష్టముంది. కోపం రాని స్త్రీకి, కేవలం ఉద్యోగానికి పోయే స్త్రీకి ఆ కథలో చోటు ఉండదు.

ఇక ఫ్యాక్షన్ సినిమాలు. 'సమరసింహారెడ్డి' 1999, 'నరసింహనాయుడు' 2001, 'ఇంద్ర' 2002. వీటి తర్వాత సీమ అంటే సుమోలు, కొడవళ్ళు, నాటుబాంబులు. కె. బాలగోపాల్ పదేపదే చెప్పినదేమిటంటే, ఫ్యాక్షన్ ఇక్కడి మనుషుల నెత్తుట్లో ఉన్న గుణం కాదు, ఊరిమీద, వనరులమీద, కాంట్రాక్టులమీద పట్టు కోసం కొందరు నడిపే వ్యవస్థ అని. ఆ వ్యవస్థ నిజంగా మనుషుల్ని చంపింది. గోనెగండ్లకు పక్క మండలం దేవనకొండలోని కప్పట్రాళ్ళ పేరు అందరికీ తెలుసు. 2008 నాటి హత్యాకాండతో ఆ ఊరు రాష్ట్రమంతా వినబడింది. తర్వాత కొన్నేళ్ళకు అప్పటి జిల్లా ఎస్పీ ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నారు. దీన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ కథనాల్లో ఆడవాళ్ళు ఎలా కనబడ్డారో చూడండి. భర్తలు పోయినవాళ్ళు, ఏడ్చేవాళ్ళు, శాంతి కోరేవాళ్ళు. ఆ ఇళ్ళకు ఉద్యోగరీత్యా పోవాల్సిన అంగన్‌వాడీ కార్యకర్త, నర్సు, టీచరు ఎవరికీ కనబడలేదు.

ఫ్యాక్షన్ కథల్లో స్త్రీని మధ్యలో నిలబెట్టినవి లేకపోలేదు. 1998లో కృష్ణవంశీ 'అంతఃపురం'లో సౌందర్య పాత్ర కొడుకును తీసుకుని ఆ ఇంటినుంచి పారిపోవాలనుకుంటుంది. ఇవాళ చట్టం భాషలో చెబితే అది ఒక భద్రతా ప్రణాళిక. ఎటు పోవాలి, ఎవరిని నమ్మాలి, బిడ్డను ఎలా దాచాలి అని ఆమె ఆలోచిస్తుంది. కానీ దారి చూపించడానికి మళ్ళీ ఒక మగవాడే రావాలి. ఇరవై ఏళ్ళ తర్వాత 2018లో 'అరవింద సమేత వీర రాఘవ' ఆడవాళ్ళ మాట వినమంది. మంచిదే. అక్కడ కూడా వాళ్ళ మాటలు నాయకుడి చెవిలో పడి, అతని చేతుల మీదుగా లోకానికి చేరతాయి. యుద్ధం చేసేదీ అతనే, ఆపేదీ అతనే.

ఈ సినిమాల భయం మా పిల్ల పనిమీద ఎలా పడుతుందో చెప్పాలి. 1958 చట్టంలో నాలుగో సెక్షను మంచి నడవడి హామీ మీద వదిలిపెట్టే వీలు కల్పిస్తుంది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలకు ఆ వీలు లేదు. అంటే ఊళ్ళను వణికించిన హంతకులు ప్రొబేషన్ అధికారి దగ్గరికి రారు. వచ్చేది ఎక్కువగా చిన్న నేరాలవాళ్ళు, మొదటిసారి తప్పు చేసినవాళ్ళు. పిల్లల చట్టం కింద వచ్చేవాళ్ళు సరేసరి, రాగివైరు దొంగలు. సీమ కాబట్టి తుపాకీ కావాలని నవ్విన ఆయన మనసులో ఉన్నది సినిమాలోని సీమ. మా పిల్ల సంచిలో ఉన్నది తల్లిదండ్రులు సుగ్గికి పోయిన పిల్లవాడి ఫైలు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని ఏ తుపాకీ పూడ్చదు.

అలాగని ఆమె భయం అబద్ధమా? గడియ పెట్టినవాడు సినిమాలోంచి రాలేదు.

ఇక్కడే 'నిర్భీక్' గుర్తొచ్చింది. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత, 2014 జనవరిలో కాన్పూరు ఆయుధ కర్మాగారం స్త్రీల కోసమంటూ తేలికపాటి రివాల్వరు తెచ్చింది. అరకిలో బరువు. ధర లక్షా ఇరవై వేలు పైమాటే. చనిపోయిన ఒక అమ్మాయికి పత్రికలు పెట్టిన పేరును తలపించే పేరు దానికి పెట్టి అమ్మకానికి ఉంచారు. నేను దాన్ని కూడా ఒక కథగానే చదివాను. ఒక స్త్రీ ఒంటరిగా ఉంటుంది, ప్రమాదం ఎప్పుడూ అపరిచితుడే, ఆమె చేతిసంచిలో లక్షల విలువైన వస్తువు ఉంటుంది, ఆమె ఒక్క క్షణంలో గెలుస్తుంది. బస్సు దిగి రెండు మైళ్ళు నడిచే కాంట్రాక్టు ఉద్యోగిని ఈ కథలో లేదు. ఇంట్లో భర్త చేతిలో దెబ్బలు తినే స్త్రీ కూడా లేదు. ఇంట్లో తుపాకీ ఉంటే అది మొదట ఎవరి చేతికి దొరుకుతుందో మనకు తెలియనిదేం కాదు.

మరి తుపాకీ పట్టిన స్త్రీలు మన చరిత్రలో లేరా? ఉన్నారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని వాళ్ళ నోటితోనే వినిపించింది. 2019లో హైదరాబాద్ బుక్ ట్రస్టు మల్లు స్వరాజ్యం ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా' వేసింది. ఆమె చెబుతుంటే విమల, కాత్యాయని రాశారు. స్వరాజ్యం దళ నాయకురాలు. రాజక్క అన్న పేరుతో తిరిగింది. ఆమె తలకు నాటి ప్రభుత్వం పదివేల రూపాయలు వెల కట్టింది. 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచింది. 2022 మార్చిలో పోయింది.

ఈ పుస్తకాల్ని ఇంతకుముందు వీరగాథలుగా చదివాను. ఈసారి మా పిల్ల ప్రశ్న పట్టుకుని, ఎలా నేర్చుకున్నారు అని చదివాను. స్వరాజ్యం కథలో ఆయుధం ముందుగా రాదు. పాట వస్తుంది, సభ వస్తుంది, సంఘం వస్తుంది, ఊరూరా తిరగడం వస్తుంది. ఊళ్ళో ఏ ఇల్లు నమ్మదగ్గదో, ఏ దారి రాత్రి నడవదగ్గదో తెలియడం వస్తుంది. ఆ తర్వాతే దళం. ఆ పోరాటంలో స్త్రీలకు వడిసెల ఆయుధం, రోకలి ఆయుధం, కారప్పొడి ఆయుధం. ఒక్కత్తె కారప్పొడి చల్లితే దెబ్బలు తినేది ఆమే. ఊరి ఆడవాళ్ళంతా కలిసి చల్లితే వచ్చినవాళ్ళు వెనక్కి పోయేవాళ్ళు. పుస్తకం పేరులో కూడా మాటే తూటా అంది గానీ తూటాయే మాట అనలేదు. వెనకాల జనం ఉన్నప్పుడే ఆ మాటకు తూటా బలం వచ్చిందని నేను అర్థం చేసుకున్నాను.

ఇదే చరిత్రకు ఇంకో ముఖం ఉంది. కొరియర్లుగా, డెన్లు నడిపేవాళ్ళుగా, వైద్యం చేసేవాళ్ళుగా, దళ సభ్యులుగా పనిచేసిన ఆ స్త్రీలను 1951లో పోరాటం విరమించాక ఇళ్ళకు పొమ్మన్నారు. పెళ్ళిళ్ళు చేసుకోమన్నారు. దళంలో ఉండటానికి పసిబిడ్డను ఇచ్చేయాల్సి వచ్చిన తల్లి కూడా వాళ్ళలో ఉంది. వాళ్ళకు నేర్పింది నిజమే, ఆ నేర్చినదానికి విలువ మాత్రం పని ఉన్నన్నాళ్ళే. 'మనకు తెలియని మన చరిత్ర' మనకిచ్చిన పెద్ద పాఠం అదని నా అభిప్రాయం. స్త్రీకి ఆయుధం ఇచ్చారా లేదా అన్నది చిన్న ప్రశ్న. ఆమె భద్రత ఎవరి బాధ్యత, ఎన్నాళ్ళు బాధ్యత అన్నది పెద్ద ప్రశ్న.

అప్పుడు చట్టాల్ని కూడా సాహిత్యంలా చదవాలనిపించింది. మనమంతా కొట్లాడి తెచ్చుకున్న 2005 గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని నియమాల్లో అయిదో ఫారం భద్రతా ప్రణాళిక. అందులో ప్రతివాది చేసిన హింసకు ఒక గడి, దాని పర్యవసానాలకు ఒకటి, బాధితురాలి భయాలకు ఒకటి, భద్రతకు ఏం చేయాలో దానికి ఒకటి ఉన్నాయి. ఒక స్త్రీ భయాన్ని ప్రభుత్వ కాగితం మీద గడిగా గీయించడం చిన్న విజయం కాదు. పోలీసు స్టేషనుకు పోతే "ఏం భయంలే" అని పంపేసిన దేశంలో అది పెద్ద మాట.

అదే నియమాల్లో రక్షణాధికారి పనుల జాబితా ఉంది. మేజిస్ట్రేటు రాసి ఆదేశిస్తే ఆ ఇంటికి వెళ్ళి విచారించాలి. స్త్రీధనం ఇప్పించాలి. హింసకు వాడిన ఆయుధాన్ని, అవసరమైతే పోలీసుల సాయంతో, స్వాధీనం చేసుకోవాలి. ఈ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. ఎన్నేళ్ళుగా ఈ చట్టం గురించి సభల్లో మాట్లాడానో, ఆ వాక్యాన్ని ఒక్కసారి కూడా చదివి వినిపించలేదు. ఆయుధం చేతిలో లేని ఉద్యోగిని, ఆయుధం ఉన్న ఇంటికి పోయి, దాన్ని తీసుకురావాలి. తుపాకీ అయితే అందులో తూటా ఉందో లేదో చూడటం, నాటుబాంబు అయితే అసలు ముట్టుకోకుండా ఉండటం ఆమెకు ఎవరు చెబుతారు? ఆయుధాల గురించిన శిక్షణ కాల్చేవాళ్ళకే ఎందుకు? 2016 నాటి ఆయుధ నియమాలు లైసెన్సు అడిగేవాళ్ళకు భద్రతా శిక్షణ కావాలంటాయి. ఆ లైసెన్సుదారు ఇంటి తలుపు తట్టేవాళ్ళ సంగతి మాత్రం ఎవరూ తలచుకోలేదు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. బాధితురాలి భయానికి గడి గీసిన మనం, ఆమె దగ్గరికి పోయే మనిషి భయానికి గీయలేదు. ఆమె అధికారి కదా, అధికారికి భయమేమిటి? ఆ 'అధికారి' అన్న మాట కింద ఎవరున్నారు? ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో తెలియని అమ్మాయి. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు ఊరూరా మహిళా సంరక్షణ కార్యదర్శుల్ని పెట్టారు. 2021లో వాళ్ళనే మహిళా పోలీసులన్నారు. పేరు మారగానే ఊరు వాళ్ళను చూసే తీరు మారింది. పోలీసు పేరు పెట్టుకుని, తెల్లారితే అదే వీధిలో నీళ్ళు పట్టుకోవాల్సిన ఆడపిల్లకు ఆ పేరు బలమో బరువో మనం అడగలేదు.

ఎందుకు అడగలేదు? ఇక్కడ నన్నూ, మన సాహిత్యాన్నీ కూడా నిలదీయాలి. తలుపు గురించి మనం చాలా రాశాం. ఓల్గా 'స్వేచ్ఛ' వచ్చిన 1987 నుంచి చూసుకున్నా, ఇంటిలోంచి బయటికి అడుగుపెట్టే స్త్రీ మన కథకు కేంద్రం. ఆ గడప దాటడానికి ఎంత ధైర్యం కావాలో రాశాం, దాటినందుకు ఏం పోగొట్టుకోవాలో రాశాం. ఆ కథలు లేకపోతే మా పిల్ల ఇవాళ ఉద్యోగంలో ఉండేది కాదు. కానీ దాటిన ఆమె మర్నాడు ఉద్యోగంలో చేరి, ఇంకొకరి గడప ముందు బయటినుంచి నిలబడి తలుపు తడితే ఏమవుతుందో మనం దాదాపు రాయలేదు. ఆమె అక్కడ ఒక్క స్త్రీ మాత్రమే కాదు, ప్రభుత్వం కూడా. లోపలున్న అవ్వకు ఆమెను చూస్తే భయం. ఆమెకు గడియ పెట్టినవాణ్ణి చూస్తే భయం. ఆమె రాసే రెండు వాక్యాలతో ఒక పేద పిల్లవాడి రెండేళ్ళు మారిపోతాయి. అధికారం, నిస్సహాయత ఒకే మనిషి ఒంటిమీద, ఒకే మధ్యాహ్నం. మనకు అలవాటైన పీడితురాలు, తిరుగుబాటుదారు అన్న రెండు పాత్రల్లోనూ ఆమె ఇమడదు.

ఆమె చేతికి తుపాకీ ఇస్తే ఈ చిక్కు తీరుతుందా? అవ్వ వైపు నుంచి చూడండి. సుగ్గికి పోయిన కొడుకు, హోములో ఉన్న మనవడు, ఇంటికొచ్చిన ఆడమనిషి నడుముకు తుపాకీ. ఆ అవ్వ లేచి గడియ తీసేదా? "ఆడపిల్ల బస్సు పోతాది" అని అనేదా? మా పిల్లను ఆరోజు బయటికి తెచ్చింది ఆ అవ్వకు ఆమె మీద కలిగిన జాలి. నిజమే, అవ్వల జాలిమీద ఆధారపడి ఒక శాఖ నడవకూడదు. అది భద్రత కాదు, అదృష్టం. కానీ ఆ జాలికి చోటు లేకుండా చేసే భద్రత ప్రొబేషన్‌ను ప్రొబేషన్‌గా మిగల్చదు. బోస్టన్ చెప్పుల కార్మికుడు మొదలుపెట్టిన పని పోలీసు పనిలో కలిసిపోతుంది.

ఇదంతా మా పిల్లకు చెప్పాను. ఓపిగ్గా విని, "చిన్నమ్మా, ఇదంతా చెప్పేసరికి భోజనాల టైమవుతాది" అంది. తనే ఒక పద్ధతి అనుకుంది. నన్ను కూడా పిలిచింది. ఒక హాల్లో ఇరవైమంది దాకా ఆడపిల్లలు, ఇద్దరు ముగ్గురు మగపిల్లలు. తుపాకీతోనే మొదలుపెట్టింది. పోలీసు శాఖలో పనిచేసి రిటైరైన ఒకావిడను పిలిచి, ఇంట్లో ఆయుధం కనబడితే ఏం చేయకూడదో చెప్పించింది. ముట్టుకోకూడదు, దాని గురించి వాదించకూడదు, చూసినట్టు గుర్తుపెట్టుకుని బయటికి రావాలి, వెంటనే చెప్పాలి. ఆవిడ చెప్పింది పది నిమిషాలే. ఆ పది నిమిషాలు ఇన్నేళ్ళలో వీళ్ళకు ఎవరూ ఇవ్వలేదు.

తర్వాత సినిమాల గురించి నేను కాసేపు మాట్లాడాను. నవ్వారు. ఆ తర్వాత మా పిల్ల తలుపు దగ్గరికి పోయి నిలబడింది. ఒకరిని లోపల ఉంచి, ఒకరిని బయట నిలబెట్టి, తట్టమంది. ఎక్కడ నిలబడుతున్నావు? చెప్పులు ఎక్కడ విడుస్తావు? విడిచిన చెప్పులు బయటికి తిరిగి ఉన్నాయా, లోపలికా? మంచినీళ్ళిస్తే ఎక్కడ కూర్చుని తాగుతావు? ఇలాంటి ప్రశ్నలు ఏ అమెరికా కాగితంలోనూ లేవు. పదిసార్లు, పదిహేనుసార్లు అందరితో తట్టించింది. చూస్తూ కూర్చున్న నాకు స్వరాజ్యం పుస్తకం గుర్తొచ్చింది. నేర్చుకోవడమంటే ఇలా విసుగు పుట్టేదాకా చేయడమే. అందుకే కాబోలు సినిమాలు దాన్ని చూపించవు.

చివర ప్రతివాళ్ళకూ తమ నివేదిక ఫారం నకలు ఒకటి ఇచ్చి, వెనకవైపు ఖాళీలో ఒక గడి గీసుకోమంది. 'వెళ్ళిన మనిషి భయాలు' అని పైన రాయించింది. పేర్లు వద్దంది. ఆ కాగితాలు నేనూ చదివాను. 'ఆఖరి బస్సు అయిదింటికి.' 'ఫోను సిగ్నలు ఉండదు.' 'బాత్రూము లేదు, అందుకని నీళ్ళు తాగను.' 'నా కులం అడిగారు, చెప్పాక కూర్చోమనలేదు.' 'తాగి ఉన్నాడు.' 'నా మొగుడికి ఈ ఉద్యోగం ఇష్టం లేదు, ఇది చెబితే మాన్పిస్తాడు.' ఒకే ఒక్క కాగితంలో 'కొడవలి' అని ఉంది. చేతిరాత నాకు తెలిసిందే.

ఆ కాగితాలు పైకి పోయాయో లేదో నాకు తెలీదు. ఇద్దరు కలిసి వెళ్ళాలని, దారిఖర్చులు ఇద్దరికీ ఇవ్వాలని, ఎక్కడికి పోయారో రాసిపెట్టే పుస్తకం ఒకటి ఆఫీసులో ఉండాలని వాళ్ళు ఒక అర్జీ రాసుకున్నారు. తుపాకీ అందులో ఎవరూ అడగలేదు.

ఆ పిల్లవాడి మీద ఇంకో నివేదిక ఇవ్వాల్సి వచ్చి మా పిల్ల మళ్ళీ ఆ ఊరికి పోయింది. ఈసారి ఊళ్ళో అంగన్‌వాడీ కార్యకర్తను తోడు తీసుకుంది. అవ్వ ఇంట్లోనే ఉంది. తల్లి సుగ్గి నుంచి వచ్చి ఉంది, చేతులింకా మంట తగ్గలేదట. తిరిగొచ్చి చెప్పిందంతా విన్నాక, "భయమేసిందా?" అని అడిగాను. "వేసింది చిన్నమ్మా. రాసుకున్నా" అంది.

మానెయ్ అని ఈసారి నేననలేదు. ఏం రాసుకున్నావో చూపించమన్నాను.